ఐదువందల పన్నెండు బైట్లు

మార్కాపురంలో, పలకల మిల్లు వెనక గదిలో
కరెంటు ఉన్నంతసేపూ
నేనూ ఒక పలక కోస్తున్నా.

పాత కంప్యూటరు. లోపలున్నదంతా తుడిచేశా.
కిటికీల్లేవు, బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు.
మేలుకోగానే అది చదివేది
ఐదువందల పన్నెండు బైట్లే.
అందులోనే చెప్పాలి దానికి
నువ్వెవరివో, తర్వాత ఎటు పోవాలో.

ఆర్నెల్లు.
ఒక్క అంకె తప్పితే చాలు
ఏం తప్పో చెప్పకుండానే మళ్ళీ మొదలు, మళ్ళీ మొదలు.
"ఉన్నయ్యి చాలవంట్రా?" అంటాడు ఖాజావలి,
కనురెప్పల మీద రాతిదుమ్ముతో.
ఉలి ఆనిన చప్పుడుకే
రాయి ఏ పొర దగ్గర విచ్చుకుంటుందో
తెలిసిపోద్ది ఆయనకి.
నాకూ అట్టాంటి చప్పుడొకటి కావాలి, అంతే.

దానికి తెలుగు రాదు.
గళ్ళ కాగితం మీద పదహారు వరసలు,
చుక్కకో బిట్టు.
రెండుసార్లు తిరగబడింది, ఒకసారి సగమే వచ్చింది.

రాత్రి రెండింటికి
నల్లటి తెర మీద, ఎడమ మూల
పొట్ట కాస్త నొక్కుకుపోయి
ఒక 'అ'.

ఖాజావలిని లేపుకొచ్చా.
వంగి చూశాడు.
సుద్ద మరకనుకున్నాడేమో
లుంగీ అంచుతో గట్టిగా రుద్దాడు.

చెరగలేదు.
తర్వాత కరెంటు పోయింది.