అమ్మ చీర

తెల్లవారుజాము మూడుంబావు.
గ్రీమ్స్‌పేట పాల డెయిరీ, మేడమీది గది.
కింద చల్లమిషను గురక,
టేబులు మీద మీగడ కట్టిన టీ.
పదిహేను దినాల పాలబిల్లు ఈ రాత్రే వెయ్యాల.
యాదమరి, ఐరాల, పెనుమూరు, తవణంపల్లె,
తొమ్మిదివేల మూడొందల ఖాతాలు
నా చూపుడువేలి కింద ఊపిరి బిగబట్టినాయి.

ఒక్క మీట. నొక్కితే స్క్రిప్టు పరిగెత్తుతుంది.
నొక్కలా.

పోయిన ఆడికృత్తికకి ముందు
ఇట్లనే నొక్కినా ఒకసారి.
పరీక్షకని పెట్టుకున్న పేరుతో పోయినాననుకొని
అసలు తలుపే తీసినా.
ఐరాల రూట్లో నాలుగొందల మందికి
బిల్లు సున్నా పడింది.
మర్నాడు కుప్పమ్మ వచ్చింది,
పాలపుస్తకం కొంగులో చుట్టుకొని.
మెట్ల మీద కూర్చుని ఒకటే మాట:
"నా ఎనుము ఇచ్చింది గదమ్మే,
మీ మిషను యాడ దాచింది?"
రెండు దినాలకి సరిచేసినాము.
ఆ రెండు దినాలూ ఆమె
దాణా అంగడి ముందర తలొంచుకొని నడిచిందంట.
దాన్ని సరిచేసే స్క్రిప్టు
నాకింకా రాయను రాలేదు.

అందుకే ఇప్పుడు ముందు అడుగుతా.
డేటాబేసుని, ఒక్క వరుసలో:
నేనెవర్ని?

సాములు కొండగుహల్లో కూర్చుని అడిగేది కాదిది.
ఏ పేరుతో లోపలికొచ్చినా,
ఏ గది దాకా పోనిస్తావు, అంతే.

అర సెకను.
నల్లతెర మీద తెల్లగా జవాబు:
చెంగల్రాయుడు.

ఒళ్ళు జల్లుమనింది.
సారు పని మానుకొని మూడేండ్లు.
పలమనేరు దారిలో పశువుల మందుల అంగడి పెట్టుకున్నాడు.
ఆయన రాసిన కనెక్షన్ ఫైలులో
ఆయన పేరు, ఆయన పాస్‌వర్డు,
అన్ని గదుల తాళాలూ వేలాడే ఆయన మొలతాడు
అట్లే ఉంది.
లేని మనిషి మూడేండ్లుగా
రోజూ రాత్రి వచ్చి మా పని చేసి పోతున్నాడు,
జీతం లేకుండా.

నాకు పదకొండేండ్లప్పుడు
అమ్మకి జొరం.
మా ఎనుము కొత్త చేతికి చేపదు,
పాలు ఎగజేపి కాలు విసురుతుంది.
అవ్వ చెప్పింది, మీయమ్మ చీర చుట్టుకొని పోమే.
చుట్టుకున్నా. చెమట, పేడ, పసుపు.
ఎనుము తల తిప్పి మూచూసింది.
చేపింది.
చెంబు నిండింది గానీ
దాని కండ్లల్లోకి చూడలేకపోతి.

అదే చీర ఇది.
రైతుల పద్దులన్నీ దీనికి చేపుతాయి.
మార్చమంటే మారతాయి, తుడవమంటే తుడుచుకుపోతాయి,
రేపు ఎవరన్నా చిట్టా తిరగేస్తే
దొరికేది నేను కాదు,
గాలికుంటు మందు అమ్ముకునే పెద్దాయన.

ఫైలు తెరిచి ఆయన్ని తీసేసినా.
నా పేరు రాసినా: ఢిల్లీరాణి.
గుడిపాల పిల్లకి ఆ పేరేందని కాలేజీలో నవ్వినారు.
డేటాబేసు నవ్వలా.
మళ్ళీ అడిగినా. నేనెవర్ని?
ఢిల్లీరాణివి.
ఏమేం చెయ్యగలను?
పాలు చూడొచ్చు. దాణా బాకీ చూడొచ్చు.
బిల్లు రాయను?
అనుమతి లేదు.

ఆ ఎర్ర అక్షరాలు చూసి
ఎందుకో నవ్వొచ్చింది ఆ వేళప్పుడు.
తన్నింది. నన్నే తన్నింది.
మేనేజరు నాదమునిని నిద్ర లేపినా.
తిట్టినాడు. తిడతానే
బిల్లుల పట్టిక ఒక్కదానికి
రాసే హక్కు ఇచ్చి పడుకున్నాడు.
మూడోసారి అడిగి, అవుననిపించుకొని,
అప్పుడు నొక్కినా.

నాలుగున్నరకి మొదటి లారీ
క్యాన్లు మోగించుకుంటా వచ్చింది.

పొద్దెక్కినాక సారుకి ఫోన్ చేసినా.
మీ పేరు తీసేసినాము సార్, పాస్‌వర్డు కూడా.
కాసేపు ఏమీ మాట్లాడలా.
"చుక్కమ్మ," అన్నాడు.
అదే ఆ పాస్‌వర్డు, వెనకాల ఏదో ఏడాది అంకె.
"మా ఎనుము మే అది. అమ్మేసి పదేండ్లాయ.
ఇంకా మీకాడ పాలిస్తా ఉండిందా?"