తడిగుడ్డ

ఇబ్రహీంపట్నం రింగు సెంటరుకి ఇవతల
రేకుల పంచన నా ఇస్త్రీ బండి.
తెల్లచొక్కాల వాళ్ళే నా గిరాకీ:
పంతుళ్ళు, బ్యాంకు గుమస్తా, పాస్టరు గారు.
తెలుపు ఏ పూట మాసిందో
నాకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

పొద్దున దండెం మీదేసిన పంచె
సాయంత్రానికి పావురం రంగుకి తిరుగుతుంది.
దులిపితే పోదు, తడిపితే పాకుతుంది.
పక్కవాటా ఏలియా గాడికి ఏడేళ్ళు.
నిద్రలో వాడి రొమ్ము
మూత సరిగా పడని కుక్కరులా కూస్తుంది.

"ఫోన్లో చూడవే" అన్నాను తిరుపతమ్మతో.
డిప్లొమా రెండో ఏడు నా కూతురు,
ఇంగ్లీషు దానికి మంచినీళ్ళ ప్రాయం.

ఒకడు, బెల్లంముక్క తింటే
ఊపిరితిత్తులు ఉతికి ఆరేసినట్టే అన్నాడు.
ఉతకడం నా పని, నాకా చెప్పేది!
ఒకడు సగం భయపెట్టి సగంలో మిషను చూపించాడు,
పధ్నాలుగు వేలు.
ఒకావిడ ఏడుస్తూ, ఆర్నెల్లలో ఊరంతా పోతాం అంది.
ఆవిడ వెనకున్న పొగగొట్టం మనది కాదు,
దాని పక్కన మంచు కురుస్తోంది.

చివరికి గాలి లెక్క చెప్పే బొమ్మ దొరికింది.
మన ఊరి పేరు రాసి
ఆకుపచ్చగా వెలిగింది:
గాలి బాగుంది, హాయిగా నడవండి.
నడిచాను.
మేడమెట్ల మీద నా పాదాలు అచ్చు పడ్డాయి.

కొలిచే యంత్రం ఎక్కడుందని గుచ్చి గుచ్చి అడిగితే
బెజవాడ నడిబొడ్డున ఎక్కడో ఉందంట.
అక్కడి గాలి అక్కడ మంచిదేమో,
అబద్ధం అనను.
దానికి మన ఊరి పేరు తగిలించడమే
తడిగుడ్డతో గొంతు కోయడం.

అప్పుడడిగింది తిరుపతమ్మ, ఫోను బోర్లించి:
"మరి నీ పెట్టెలో బూడిదో, అమ్మా?"

బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.
నాకు మాట రాలేదు.
ఇరవై రెండేళ్ళుగా ఊదుతున్నాను ఈ పెట్టెను,
ఆ ఊదిన నుసి ఎటు పోయిందో
ఒక్కనాడూ తిరిగి చూడలేదు.

ఆదివారం పెట్టె ముట్టించలేదు.
ఒకే తానులో రెండు ముక్కలు చించి, ఒకేలా తడిపి
ఒకటి మేడ మీద పరిచాం,
ఒకటి ఆవకాయ జాడీలో మూతేసి పెట్టాం.
పొద్దుగూకాక పక్కపక్కన పెడితే
జాడీలోది తెలుపు, కాస్త ఆవఘాటు.
మేడ మీదిది పావురం.
సోమవారం బండి దగ్గర మూడోది పెట్టాం.
అది ఇంకాస్త నలుపు.
"అదీ రాయి" అన్నాను.
నా మసి నేను దాచుకుంటే
వాళ్ళ మసి ఏ నోటితో అడగను?

ఆ రాత్రి దానికి ఓ రిపోర్టు దొరికింది.
రంగుల్లేవు, ఏడుపుల్లేవు.
ఎవరు కొలిచారో, ఏ నెలలోనో,
ఏ వీధి ఏ మేడ మీదో, ఎవరి డబ్బుతోనో
మా పద్దుపుస్తకంలా వరసగా ఉంది.
ఆఖరి ముక్క తెలుగు చేసి చదివింది:
పిల్లల ఆయాసానికి ఇదొక్కటే కారణమని
మేం ఇంకా చెప్పలేం.

ఇన్ని గొంతుల్లో
'తెలీదు' అన్నది ఈ ఒక్కటే.
దీని మాట వినొచ్చు అనుకున్నాను.

ఏలియాను వాళ్ళమ్మ
సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళింది,
మా పుస్తకం జిరాక్సు సంచీలో పెట్టుకుని.
డాక్టరు చూశాడో లేదో ఇంకా అడగలేదు.
నేను మాత్రం బండి
కిటికీకి ఎడంగా, వేపచెట్టు అవతలికి జరిపాను.

చొక్కాలు, పంచెలు, దుప్పట్ల గళ్ళ పక్కన
ఇప్పుడు ఇంకో గడి: గుడ్డ.
నిన్న గాలి కొండ మీంచి తిరిగింది.
గుడ్డ తెల్లగానే ఉంది.
మా వాదనకి పనికిరాదు,
అయినా తిరుపతమ్మ పెన్ను విదిలించి రాసింది:
తెలుపు.