అంకెకు రాని ఆట

పేపర్లో ఏడు–నాలుగు అని పడింది.
అచ్చు కూర్చేవాణ్ణి అనడానికేం లేదు,
తంతి మీద వచ్చిన అంకెలు చూసి
ఎవడో తాగి కొట్టాడనుకుని
ముందున్న రెళ్ళు రెండూ పీకేశాడు.

నేనక్కడున్నాను.
పందొమ్మిది వందల ఇరవై మూడు, ఆగస్టు,
ఒహాయో నది ఒడ్డున మిల్‌బ్రూక్ మైదానం.
స్కోరుబోర్డు వెనక బల్ల మీద పన్నెండేళ్ళ నేను,
పక్కన పొగాకు నములుతూ ముసలి లిండ్‌క్విస్ట్.
అంకెల చెక్కలు మేకులకి తగిలించడం మా పని.

మా దగ్గర సున్నాలే ఎక్కువ.
రంగులేసినవాడికి మా జట్టు సంగతి తెలుసు:
ఇరవై సున్నాలు, ఆరు ఒకట్లు,
పైకి పోయేకొద్దీ పిసినారితనం,
తొమ్మిది ఒక్కటే.
దాని మీద సాలీడు కాపురం పెట్టింది.

ఆ రోజు గాలి
నదివైపుకి వీచింది, లేదు, ఈడ్చింది.
పొట్టివాడు కొట్టినా బంతి కంచె దాటేది.
మద్యనిషేధంలో మూతపడ్డ బీరు ఫ్యాక్టరీ పెరట్లో
పిల్లలు బంతులేరుకుని
టికెట్టుకి ఒకటి చొప్పున అమ్మారు గేటు దగ్గర.

రెండో ఇన్నింగ్స్‌లో కెల్‌బర్న్ వాళ్ళు పది కొట్టారు.
పదికి గడి లేదు.
నాలుగులో మావాళ్ళు పదమూడు.
ఆరుని తలకిందులు చేశాను,
విరిగిన ఒకటిని తాడుతో కట్టాను,
చివరికి లిండ్‌క్విస్ట్ చొక్కా విప్పి
వీపు మీద బొగ్గుతో ఎనిమిది రాసి తగిలించాడు.
జనం నవ్వి నవ్వి, తర్వాత నవ్వడం మానేసి,
తర్వాత లెక్కపెట్టడం మానేసి,
పెళ్ళివిందులో ఇక వద్దంటున్నా వడ్డిస్తుంటే
చూస్తూ కూర్చున్నట్టు కూర్చున్నారు.

మూడో ఇన్నింగ్స్ నుంచీ బంతి విసిరింది ఎమెట్ రౌష్.
మిగతా పిచ్చర్లు ముగ్గురూ
అప్పటికే బెంచీ మీద తువ్వాలు కప్పుకున్నారు.
మేనేజర్ అతనివైపు చూడటం మానేశాడు,
అదే అతనికి ఆజ్ఞ.
మోచెయ్యి వాచింది. విసిరాడు.
వాళ్ళు కొట్టారు. మళ్ళీ విసిరాడు.
మూడో వరసలో అతని భార్య విల్లా
ఒళ్ళో ఉన్న బఠాణీలు వలుస్తూనే ఉంది,
తలెత్తకుండా, చప్పుడు విని లెక్క తెలుసుకుంటూ.

ఎనిమిదో ఇన్నింగ్స్ ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలీదు.
ఒకటి నేరుగా అతని అరచేతిలోకే వచ్చింది.
ఒకడు గాలిని కొట్టాడు, మూడుసార్లు.
ఇంకొకడి బంతి ఎత్తుకి లేచి, గాలి ఒక్క క్షణం ఆగిపోయి,
నిలువునా కిందికి పడింది.
నేను సున్నా తగిలించాను.
పొద్దున్నించీ ఎవరికీ అక్కర్లేని పందొమ్మిది సున్నాల్లోంచి
ఒకటి.

తొమ్మిదిలో మావాళ్ళు మూడు బేసులూ నింపుకుని ఓడారు.
ఇరవై ఏడు, ఇరవై నాలుగు.
జనం పోయారు. మేకులు పీకుతున్నాను.
ఎమెట్ బోర్డు కింద నిలబడి
ఎడంచెయ్యి పైకి చాచాడు, కుడిచెయ్యి లేవలేదు.
"ఆ ఎనిమిదోది ఇటివ్వరా."
లిండ్‌క్విస్ట్ నావైపు చూసి తల తిప్పుకున్నాడు.
ఇచ్చాను.

మళ్ళీ ఏ జట్టూ అతన్ని పిలవలేదు.
కొన్నేళ్ళకి కట్టెలమ్ముతూ వాళ్ళింటికెళ్ళాను.
వంటగదిలో పిండిపీపా మీద మూత:
ఆకుపచ్చ చెక్క, తెల్లటి సున్నా,
అంచు చేతివేళ్ళకి అరిగిపోయింది.
విల్లా దాన్ని ఎత్తి పక్కనపెట్టి
పిండి తీసుకుని
మళ్ళీ మూసింది,
రాసిన వైపు పైకి ఉండేట్టు.