ఊడ దిగే చోట

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు.
నా ట్రేలో మొక్క ఉప్పు తింది,
చుట్టూ నీళ్ళున్నా తాగలేకపోతోంది.
వేరు కింద తడి, ఆకు అంచున మాడు.
సామెత కట్టినవాళ్ళు
చెనిక్కాయ మొక్కని అడిగినట్టు లేరు.

తిరుపతిలో, ఈ గదిలో, నాకిది ఐదో ఏడు.
ఏసీ ఇరవై ఆరు దాటితే మేడమ్ అరుస్తారు,
కరెంటు పోతే నేనే అరుస్తాను.
కిటికీలోంచి ఘాట్ రోడ్డు దీపాలు
ఎవరో కొండకి కుట్లు వేసినట్టుంటాయి.
నేనూ కుట్లే వేస్తున్నాను, కంటికి ఆనని చోట.
పులికాట్ ఒడ్డున ఉప్పుబురదలో
ఎవరూ నాటకుండానే పెరిగే ఇలకూర నుంచి
ఒక జన్యువు తెచ్చి
చెనిక్కాయ కణంలో అతికించాను.
దానికి తెలిసింది ఒకటే పని:
వచ్చిన ఉప్పుని నట్టింట్లో తిరగనివ్వకుండా
లోపలి గదిలోకి తోసి గడియ పెట్టడం.
ఇంకో జన్యువు సీసం కోసం.
అది సీసాన్ని రెక్క పట్టుకుని
వేరులోనే కూర్చోబెడుతుంది.

ఇరవై రెండు లైన్లు చచ్చాయి.
పద్నాలుగోది పూత దాకా వచ్చి,
ఒక ఆదివారం, నేను లేనప్పుడు.
ఇరవై మూడోది బతికింది.

ట్రేలో మట్టి ఎత్తిరాజులుది.
స్వర్ణముఖిలో కలిసే కాలవ పక్కన ఎకరా ముప్పావు,
ఎగువన పాత బ్యాటరీలు కరిగించిన షెడ్డు.
షెడ్డు మూతపడి ఆరేళ్ళు.
మట్టికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

బుధవారం వచ్చాడు. వద్దన్నా వినకుండా
చెప్పులు మెట్ల కిందే వదిలాడు.
గాజు తలుపు అవతలి నా మొక్కని
సంతలో కోడెని చూసినట్టు చూశాడు,
పళ్ళు లెక్కపెట్టడం ఒక్కటే తక్కువ.
"బాగుండాది. ఇంతకీ ఆ ఇసం యాడికి పొయ్యింది పాపా?"
"వేర్లోనే ఆగిపోతుంది. పైకి ఎక్కదు."
ఆయన కాసేపు తల గోక్కున్నాడు.
"పైకెక్కదు, సరే.
చెనిక్కాయ పైన కాయదు గదా పాపా."

ఎనిమిది వందల ఫొటోలు తీశాను.
ఆకుని కొలిచాను, కాండాన్ని కొలిచాను.
పూత పైన పూసి, తల వంచి,
ఊడై మట్టిలోకి దిగి
అక్కడ బిడ్డని పెంచుతుందని
జిప్సం చల్లే కూలీకి కూడా తెలుసు.
ఆ సున్నాన్ని కాయ తొక్కే తాగుతుంది, వేరుని అడగదు.
సున్నం తాగే నోరు
సీసాన్ని వద్దంటుందా?

వేరు దగ్గర కాపలా పెట్టాను.
ఊడ దగ్గర ఎవరున్నారు?

నా వ్యాసంలో మొదటి వాక్యం: ఈ మొక్క తట్టుకుంది.
మా పెద్దమ్మని కూడా ఆ మాటే అనేవాళ్ళు,
మెచ్చుకోలుగానే.
తట్టుకున్నది ఆమె లోపల ఎక్కడికి దిగిందో
ఎవరూ కొలవలేదు.

పోతూ పోతూ తువ్వాలు ముడి విప్పాడు.
"మా చేన్లోవే. పొద్దున ఉడకేసినాం. తిను."
ఆవిరి వాసన గదంతా.
నాకు నోరూరింది, అబద్ధం చెప్పను.
నా చెయ్యి మాత్రం కవరు తీసింది, మార్కర్ తీసింది,
తేదీ వేసింది.
ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు.
తర్వాత నెమ్మదిగా, "ఉడకేసినవి పనికొస్తాయా?"
"ఉప్పు వేశారు కదా..."
"ఉప్పు లేకుండా ఎట్ల తింటారు?"
రేపు పచ్చివి తెస్తానని మెట్లు దిగాడు.

పదింటికి టైమర్ దీపాలు ఆర్పేసింది.
చీకటి పడితే చెనిక్కాయ ఆకులు
రెండూ రెండూ కలిపి మూసుకుంటాయి,
మంచి మట్టిలోవీ అంతే, ఎత్తిరాజులు మట్టిలోవీ అంతే.
ఫోను టార్చి వేసి వంగి చూశాను.
ఇరవై మూడో లైను మొదటి ఊడ
మట్టికి ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉంది.