కోయని మూల

శనివారం పొద్దున్నే ట్రక్కు మీంచి
గడ్డికోత మిషను దింపుతుంది ఆర్డిస్ టోఫ్ట్.
డెబ్భై రెండేళ్ల మోకాళ్లని ముందు దింపి
తర్వాత తను దిగుతుంది.

అయోవాలో ఈ శ్మశానం ఎకరం కూడా ఉండదు.
నాలుగు దిక్కులా మొక్కజొన్న,
ఆకాశం కింద ఇంకేదీ పండకూడదని
ఎవరో ఒట్టు పెట్టినట్టు.

రాళ్ల మధ్య కోసుకుంటూ పోతుంది:
హాల్వర్, గుద్రున్, పేరు చెరిగిపోయిన తల్లి,
పదకొండు రోజుల బిడ్డ.
ఈశాన్యం మూలకి రాగానే
ఇంజను ఆపేస్తుంది.

అక్కడుందది.
మోకాలెత్తు మొక్క. ఆకుల నిండా బూడిద నూగు,
పొయ్యి ఊదిన పిల్ల ముఖంలా.
దీని కింద సీసం ఉంటుందని నమ్మి
వెనకటికి కొందరు తవ్వి చూశారట.
సీసం దొరకలేదు, వేరు దొరికింది.
వేరుకి అడుగు దొరకలేదు.

చిక్కుడుకీ కందికీ దూరపు చుట్టమే.
కాయ ఒలిస్తే మాత్రం ఒక్కటే గింజ.
అంత లోతుకి దిగి
ఇంత పిసినారి కాపేమిటో!
జులైలో కాస్త చేయి జారుతుంది:
ఊదా కంకులు, పువ్వుకొక్క రేకు,
ఆ రేకులోంచి బయటికి పొడుచుకొచ్చిన
నారింజ రంగు పుప్పొడి.
తేనెటీగలకి నడుం వాల్చే తీరికుండదు.

ఆర్డిస్ ముత్తాత ఈ నేలకి మొదటి చాలు పెట్టినప్పుడు
నాగలి కింద వేళ్లు
బూటు లేసుల్లా టప్ టప్‌మని తెగాయట.
నిద్రలో కూడా వినపడేదట ఆయనకి.
ఆ మాట తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు.
చెప్పిన ప్రతివాడూ
మరో పాతికెకరాలు దున్నాడు.

పోయినేడు కమిటీ వాళ్లన్నారు,
ఆ మూల కలుపులా ఉంది, చదును చెయ్యమని.
సరేనంది. బ్లేడు దించింది.
టప్.
ఒక్కటే.
మిషను వెనక్కి లాక్కుని ఇంటికెళ్లిపోయింది,
ఆ వారం ఎవరి ఫోనూ ఎత్తలేదు.

మే నెలకి తెగినచోట మూడు కొమ్మలు.

ఇవాళ దాని ముందు నిలబడి చూసుకుంటే
ఎడమ బూటు లేసు ఊడి ఉంది.
కట్టుకుందామని వంగుతుంది.
కట్టుకోవడం అయిపోయింది, లేవదు.
ముక్కుకి జానెడు దూరంలో ఒక తేనెటీగ
కాళ్లకి నారింజ మూటలు కట్టుకుంటోంది.

రోడ్డు మీద పోతున్న ట్రక్కువాడు
ప్రార్థన కాబోలనుకుని
టోపీ తీస్తాడు.