రోజున్నర మిగిలుండె

మట్టికోట నడుమ పుట్టినోన్ని.
ఐతారమొస్తే మా వాడల కెమెరాలు దిగేటియి.
తోరణాల కాడ కొన్ని,
పడిపోయిన నంది వీపు మీద ఆరేసిన
అమ్మ చీరెల కాడ కొన్ని.
“పాత చీరెలు, ఏం జూసి తీస్తున్నవ్ బిడ్డా” అనేది,
నవ్వక, తిట్టక.

మొన్న కంపెనీ పంపితే ఇటలీల
లుక్కా అనే ఊర్లె మూడు రోజులున్న.
అదీ కోటనే. గోడ మీద సైకిళ్లు తిరుగుతయి.
రెండోనాడు, పేరు తెల్వని సందుల
కిటికీకి కట్టిన తీగ మీద
నీలి అంగీ, జతలేని సాక్సు.
ఎంత ముద్దుగున్నదో అని ఫోనెత్తిన.

లోపల్నించి ఒక ముసలామె చూసింది.
భాష రాదు నాకు.
ఆ చూపు మాత్రం
ఖిలా వరంగల్‌ది.

ఫోన్ జేబుల పెట్టుకొని
పక్క గల్లీకి మళ్లిన.
ఇంకా రోజున్నర మిగిలుండె.