తడి పడుగు

మే నెల. ఉరవకొండ.
సీపీయూ పక్క తలుపు ఊడదీసి
టేబుల్ ఫ్యాను దాని కడుపులోకి తిప్పిపెట్టి
నెమలి మెడకు గళ్ళు నింపుతున్నాను.
ఒక గడికి ఒక పోగు.
మలుపు దగ్గర మూడు గళ్ళు తప్పితే
నెమలి కాస్తా బాతవుతుంది.

అప్పుడే గ్లాసు ఒరిగింది.
నిండా నన్నారి,
నిమ్మకాయ పిండి, సబ్జాలు వేసి,
ఐసు ముక్కలతో సహా
బల్ల అంచు దాటి తెరిచిన కడుపులోకి.

చిటుక్కుమని ఒక్క చప్పుడు.
తెర మీద నెమలి సగం మెడతో నిలబడి
ఆరిపోయింది.

ఒక చేతిలో ఫోను. ఇంకో చేతి వేలు
అప్పటికే స్విచ్చి మీదికి పోయింది,
నొక్కితే వెలుగుతుందేమో, ఒక్కపారి చూద్దామని.
వేలికి అంతకుమించి తెలివి ఉండదు.
"ముట్టుకోవద్దు! ప్లగ్గు పీకు!"
ఫోన్లో మాబున్ని అరుపు.

బస్టాండు వెనక రిపేరు అంగడి ఆమెది.
వచ్చి, బురఖా చేతులు మోచేతుల దాకా మడిచి
డబ్బాను పక్కకు పడుకోబెట్టి
గుండ్రటి చిన్న బ్యాటరీ గోటితో ఊడదీసి
ర్యాములు, వైర్లు ఒక్కోటే,
ఏది యాడ నుంచి తీసిందో
నా పాత గ్రాఫు కాగితం మీద రాసుకుంటూ.
హార్డు డిస్కు మాత్రం నా చేతిలో పెట్టి
"ఇది తడవలా. పో, దేవుని గూట్లో పెట్టు" అంది.

తర్వాత ఆమె చేసిన పనికి నా కాళ్ళు వణికినాయి.
బేసిన్లో బోర్డు పెట్టి
బ్యాటరీ షాపు నుంచి తెచ్చిన నీళ్ళు పోసింది.
"తడిసి చచ్చినదానికి మళ్ళీ నీళ్ళా?"
"పడింది నీళ్ళు గాదప్పా, చక్కెర.
నీళ్ళు ఆరితే పోతాయి. చక్కెర కూచుంటుంది, తింటుంది.
దాన్ని నీళ్ళే విడిపించాల."
పళ్ళ బ్రష్షుతో సందు సందూ తోమి
సబ్జా గింజలు సూదితో ఏరి
ఆపైన స్పిరిటుతో తుడిచి
"నీడలో ఆరబెట్టు. ఎండలో గాదు. బియ్యంలో అసలే గాదు.
మూడు దినాలు. మధ్యలో వేసి చూసినావంటే
నన్ను పిలవొద్దు."

మూడు దినాలు.
కొళాయి వారానికోసారి వచ్చే వీధిలో
తడి ఆరడానికి ఇంతసేపా?

రెండో దినం కుళ్ళాయప్ప వచ్చినాడు.
అట్టలు అందక ఆయన మగ్గం ఊరికే ఉంది.
కోపంగానే వచ్చినాడు గానీ
తలుపు చాటున ఆరుతున్న బోర్డు చూసి వంగి,
కళ్ళజోడు పైకెత్తి, ఆ సన్న గీతల వెంట వేలు గాల్లో నడిపి
"ఎవరు నేసినారప్పా ఇది?" అన్నాడు.
అట్నే నేల మీద కూచుని చెప్పినాడు:
ఒక వాన రాత్రి కప్పు కారి
పడుగంతా తడిసిందంట.
పెళ్ళి చీర. గడువు పొద్దునకు.
"నేను తొందరపడి నాడె విసిరినా.
ఒక్కటే దెబ్బ, నలభై పోగులు.
మా నాయన కొట్టలా, తిట్టలా.
తెల్లారే దాకా నా పక్కన ఊరికే కూచున్నాడు."

పోతా పోతా అడిగినాడు,
"ఇంతకూ ఎట్ల పడింది?"
"పిల్లి తన్నింది."
"మీ ఇంట్లో పిల్లి లేదే."
నేను బోర్డు వైపు చూసినాను.
ఆయన నవ్వలా. చెప్పులేసుకుని పోయినాడు.

మూడో దినం పొద్దున చీమలు.
గోడ దిగి, బల్ల కాలెక్కి,
వరసగా ర్యాము కూచునే గాడి దాకా.
ఫోను చేస్తే మాబున్ని సంతోషపడింది.
"నాకు కనపడని చోటు వాటికి కనపడింది.
ఆడ ఇంకోపారి కడుగు."
కడిగినాను. ఇంకో దినం.

నాలుగో సాయంత్రం
పక్కింటోళ్ళ మగ్గం చప్పుడు ఆగినాక
స్విచ్చి వేసినాను.
ఫ్యాను తిరిగింది. తెర కాసేపు నల్లగా ఉండి
ఏదో పాత తేదీ చూపించింది,
నేనింకా ఈ పని నేర్చుకోని ఏడాది.
నెమలి దొరికింది. మెడ లేదు.
దాచుకోని గళ్ళన్నీ గ్లాసుతో పాటే పోయినాయి.

మళ్ళీ మొదటి గడి నుంచి.
గ్లాసు ఇప్పుడు కిటికీలో, చెయ్యి చాపినా అందనంత దూరం.
డబ్బా వేడెక్కేకొద్దీ
గదిలో సన్నగా నన్నారి వాసన.
అట్టలు ఇచ్చేటప్పుడు కుళ్ళాయప్పకు చెప్పాల,
పిల్లి సంగతి.